స్ట్రోహైమ్‌లా మొండిగా నిలబడాలా? ముందు ఆయన ఆ కుర్చీ ఎలా సంపాదించాడో చూడు

ప్రశ్న: అన్నా, నేను న్యూజెర్సీలో ఉంటున్నా. ఎమ్మెస్‌కి వచ్చి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, శని ఆదివారాలు నాటకాలు, షార్ట్ ఫిల్మ్‌లు చేస్తున్నా. ఆడిషన్‌కి వెళ్తే నా యాస వినగానే క్యాబ్ డ్రైవర్, కొట్లో కౌంటర్ వెనకాల మనిషి, లేదంటే పోలీసులు అనుమానించే మనిషి, ఇవే ఇస్తున్నారు. ఇప్పుడు ఒక వెబ్ సిరీస్‌లో విలన్ వేషం వచ్చింది, మనవాళ్లని చెడ్డగా చూపించే వేషం. ఒప్పుకోవాలా? రెండోది, నా ఫ్రెండ్ ఒకడు బయోలో 'ఆంధ్రాలో జమీందారీ కుటుంబం' అని రాయమంటున్నాడు, ఇక్కడ ఎవరూ చెక్ చేయరట. మూడోది, నేను తీసిన మొదటి సినిమా 2 గంటల 50 నిమిషాలు వచ్చింది. డబ్బు పెట్టినాయన గంటా నలభైకి తగ్గించమంటున్నాడు. నాకు మూకీ సినిమాల పిచ్చి. ఎరిక్ వాన్ స్ట్రోహైమ్ మనలాగే వలస వచ్చినవాడు, నటుడు, డైరెక్టర్, ఒక్క ఫ్రేమ్ కూడా రాజీ పడలేదు. ఆయనలా గట్టిగా నిలబడాలని ఉంది. మీరేమంటారు?

సమాధానం: తమ్ముడూ, నీ మూడు ప్రశ్నలకీ స్ట్రోహైమ్ జీవితంలోనే జవాబులున్నాయి, కాకపోతే నువ్వు అనుకుంటున్న జవాబులు కావు. రాజీ పడని మేధావి, స్టూడియో వాళ్లు నాశనం చేశారు అనే కథ అందరికీ ఇష్టం, అందులో పెద్దగా అబద్ధం కూడా లేదు. కానీ ఆ కథ చెప్పేవాళ్లంతా ఆయన పెద్ద డైరెక్టర్ అయ్యాక మొదలుపెడతారు. నువ్వున్నది అక్కడ కాదు. నువ్వున్నది ఆయన అమెరికాలో ఓడ దిగిన 1909కీ మొదటి సినిమా తీసిన 1919కీ మధ్య ఎక్కడో. ఆ పదేళ్లు ఎవరూ చెప్పరు గానీ నీకు పనికొచ్చేవి అవే.

వియన్నాలో 1885లో పుట్టాడు. యూదు కుటుంబం, తండ్రిది టోపీల వ్యాపారం. పేరు ఎరిక్ ఓస్వాల్డ్ స్ట్రోహైమ్. 1909 నవంబర్‌లో న్యూయార్క్ రేవులో దిగేసరికి పేరులో ఇంకో మూడు పేర్లు, వాటి పక్కన గొప్ప వంశాల వాళ్లు పెట్టుకునే 'వాన్' చేరిపోయాయి. తర్వాత కౌంట్ అన్నాడు, అశ్వికదళంలో ఆఫీసర్‌గా చేశానన్నాడు. అవన్నీ చెప్పుకుంటూనే కడుపు నింపుకోవడానికి ఊరూరా తిరిగి సరుకు అమ్మే సేల్స్‌మన్ పనితో సహా దొరికిన పనల్లా చేశాడు. హాలీవుడ్‌కి చేరాక ఎక్స్‌ట్రా వేషాలు, అసిస్టెంట్ పనులు. అప్పటి పెద్ద డైరెక్టర్ గ్రిఫిత్ 1916లో తీసిన 'ఇన్‌టాలరెన్స్'లో చిన్న వేషం వేశాడు, అసిస్టెంట్లలో ఒకడిగా కూడా పనిచేశాడు. ఆయన దగ్గర అప్పటికి అమ్ముకోవడానికి ఉన్నది ఒక్కటే, యూరప్ సైన్యాల్లో యూనిఫాం ఎలా ఉంటుంది, ఏ పతకం ఎక్కడ పెట్టుకుంటారు, సెల్యూట్ ఎలా కొడతారు అన్న సంగతులు తెలియడం. మిగతా ఎక్స్‌ట్రాలకి తెలియనిది తనకి తెలుసు. చిన్న సంగతే, కానీ సెట్ మీద డైరెక్టర్ పిలిచి అడిగే మనిషి అవడానికి అది చాలింది.

ఇక వేషం సంగతి. 1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి, జర్మనీ మీదికి దిగింది. జర్మన్ అంటే చాలు జనం మండిపడే రోజులు. స్ట్రోహైమ్ ఏం చేశాడు? గుండు, మెడ వంచని నడక, ఒంటికన్ను అద్దం పెట్టుకుని జర్మన్ ఆఫీసర్ వేషాలన్నీ తీసుకున్నాడు. 1918లో యూనివర్సల్ వాళ్లు తీసిన 'ది హార్ట్ ఆఫ్ హ్యుమానిటీ'లో ఒక సీన్ ఉంది, వీలైతే వెతికి చూడు. ఒక నర్సుని గదిలో పెట్టి చెరచబోతుంటాడు, ఆవిడ బట్టల గుండీలు పళ్లతో పీకేస్తుంటాడు, పక్కన పసిబిడ్డ ఏడుపు. ఆ ఏడుపు తన పనికి అడ్డంగా ఉందని విసుగొచ్చి బిడ్డని ఎత్తి కిటికీలోంచి బయటికి విసిరేస్తాడు. ఆ విసుగే అసలు నటన. మామూలు విలన్ అయితే కళ్లు పెద్దవి చేసి నవ్వుతాడు. ఈయన కాఫీలో ఈగ పడితే తీసి పారేసినట్టు తీసి పారేస్తాడు. చూసినవాళ్లు మర్చిపోలేకపోయారు. 'మీరు ప్రేమగా ద్వేషించే మనిషి' అని పబ్లిసిటీ వాళ్లు ఆయనకి బిరుదు తగిలించారు, అదే ఆయన బ్రాండ్ అయిపోయింది.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి, లేకపోతే నేను నిన్ను కళ్లు మూసుకుని విలన్ వేషం వేసుకోమన్నట్టు అవుతుంది. ఆ సినిమాలు ఊరికే పోలేదు. అవే నెలల్లో అమెరికాలో జర్మన్ వాళ్లు పేర్లు మార్చుకున్నారు, బడుల్లో జర్మన్ భాష చెప్పడం ఆపేశారు, 1918 ఏప్రిల్‌లో ఇల్లినాయ్‌లో ఒక జర్మన్ వలస కార్మికుణ్ని గుంపు ఉరి తీసింది. అన్నిటికీ సినిమాలే కారణం అనను, కానీ ఆ మంటలో అవీ కొన్ని కట్టెలు. పైగా స్ట్రోహైమ్ ఆస్ట్రియా నుంచి వచ్చినవాడు, తిట్లు తినేది ప్రష్యా, అంటే జర్మనీ ఆఫీసర్ వేషం. నువ్వు వేసేది మనవాళ్ల వేషం. రేపు బడిలో ఆ వేషం పేరు పెట్టి ఏడిపించేది మన పిల్లల్నే.

దానికి ఇంకో మనిషి సంగతి కూడా తెలుసుకో. సెస్యూ హయకావా, జపాన్ నుంచి వచ్చినవాడు. 1915లో 'ది చీట్'లో అప్పు ఇచ్చి ఆడదాన్ని లొంగదీసుకోవాలని చూసే, ఆవిడ భుజం మీద కాల్చిన ముద్ర వేసే వేషం వేశాడు. రాత్రికి రాత్రి స్టార్. లాస్ ఏంజెలెస్‌లో జపాన్ వాళ్లు మాత్రం ఆయన మీద మండిపడ్డారు, మా పరువు తీశావని. 1918లో సినిమా మళ్లీ విడుదల చేసినప్పుడు స్టూడియో వాళ్లు మాటలు రాసి చూపించే టైటిల్ కార్డులు మార్చి ఆ పాత్రని జపాన్ వాడు కాదు, బర్మా వాడు అనేశారు. మూకీ కదా, కార్డు మారిస్తే దేశం మారిపోతుంది. హయకావా ఆ పేరుని, డబ్బుని ఏం చేసుకున్నాడంటే, అదే 1918లో సొంత కంపెనీ పెట్టాడు, హావర్త్ పిక్చర్స్, తన వేషాలు తనే ఎంచుకోవడానికి. ముందు విలన్ వేయడం, మూడేళ్లు తిరక్కుండా ఆ వేషం నుంచి బయటపడే దారి కొనుక్కోవడం. నాకు స్ట్రోహైమ్ కన్నా ఈ విషయంలో ఈయనే తెలివైనవాడు అనిపిస్తాడు.

కాబట్టి వెబ్ సిరీస్ గురించి నా సలహా ఇది. నీ సీన్లు మాత్రమే కాదు, మొత్తం స్క్రిప్ట్ అడిగి చదువు. ఆ విలన్‌కి తల ఉందా, ఏదైనా కావాలనుకుంటున్నాడా, హీరోని ఒక్కసారైనా ఇబ్బంది పెట్టే మాట అంటాడా చూడు. ఉంటే వేయి, మామూలుగా కాదు, చూసినవాళ్లకి నెల రోజులు గుర్తుండేలా వేయి. ఒంటి రంగు, యాస తప్ప వాడికింకేమీ లేకపోతే వదిలేయి, దాని వల్ల నీకు వచ్చేది ఇంకో అలాంటి వేషమే. ఇంకో మాట, యాస గురించి మరీ కుమిలిపోకు. మూకీ సినిమాల్లో ఆ బాధే లేదు, అందుకే లండన్ నుంచి చాప్లిన్, పోలండ్ నుంచి పోలా నెగ్రీ, జపాన్ నుంచి హయకావా ఒకే తెర మీద వెలిగారు. 1927 తర్వాత టాకీలొచ్చాక చాలామందికి గండం పడింది, మొట్టమొదటి ఉత్తమ నటుడు ఆస్కార్ అందుకున్న ఎమిల్ యానింగ్స్ అంతటివాడే 1929లో జర్మనీకి తిరిగి వెళ్లిపోయాడు. స్ట్రోహైమ్‌కి మాత్రం ఆ యాసే అన్నం పెట్టింది. అదే 1929లో 'ది గ్రేట్ గాబో' అనే టాకీలో మెయిన్ వేషం, బొమ్మ చేత మాట్లాడించేవాడిగా, అంటే సినిమా మొత్తం గొంతు మీదే నడిచే వేషం.

సంతకం పెట్టేముందు ఒక పని మాత్రం తప్పనిసరి. నీ వీసా ఏంటో రాయలేదు. హెచ్-1బీ అయితే, నీ కంపెనీ కాకుండా ఇంకొకళ్ల దగ్గర డబ్బు తీసుకుని నటించడం అంటే అనుమతి లేని పని కిందికే వస్తుంది, రేపు గ్రీన్‌కార్డ్ దగ్గర తగులుకుంటుంది. గ్రీన్‌కార్డ్ ఉంటే ఈ పేరా వదిలేయి. లేకపోతే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలిసి, వెబ్ సిరీస్ వాళ్ల అగ్రిమెంట్ చూపించి అడుగు. ఫేస్‌బుక్ గ్రూపుల్లో అడిగి తెలుసుకునే విషయం కాదిది. స్ట్రోహైమ్ కాలంలో రేవులో పేరు చెప్పి దిగిపోయేవాళ్లు, ఆ రోజులు పోయాయి.

సరే, ఆయన డైరెక్టర్ ఎలా అయ్యాడు? 1918 నవంబర్‌లో యుద్ధం అయిపోయింది, దాంతో జర్మన్ విలన్‌లకి గిరాకీ పడిపోయింది. చేతిలో పని లేదు. అప్పుడు యూనివర్సల్ అధినేత కార్ల్ లామ్లే దగ్గరికి వెళ్లాడు. లామ్లే కూడా వలస మనిషే, జర్మనీలో లౌప్‌హైమ్ అనే చిన్న ఊరి నుంచి పదిహేడేళ్లప్పుడు వచ్చినవాడు, ఆ ఇద్దరూ ఏ భాషలో మాట్లాడుకుని ఉంటారో ఊహించుకో. స్ట్రోహైమ్ పెట్టిన బేరం ఏంటంటే, నా కథ ఊరికే ఇస్తాను, వేషం నేనే వేస్తాను, డైరెక్షన్ మాత్రం నాకివ్వాలి. లామ్లే ఒప్పుకున్నాడు. అలా వచ్చింది 1919లో 'బ్లైండ్ హజ్బెండ్స్'.

ఆ కథ చూడు ఎంత తెలివిగా అల్లుకున్నాడో. ఆల్ప్స్ కొండల్లో సెలవులకి వచ్చిన అమెరికన్ డాక్టర్, ఆయన భార్య. డాక్టర్‌కి కొండలెక్కే పిచ్చి, పెళ్లాం మీద ధ్యాస లేదు. ఆ సందులో దూరతాడు ఒక ఆస్ట్రియా లెఫ్టినెంట్, ఆ వేషం స్ట్రోహైమ్‌ది. అంటే జనం రెండేళ్లుగా తిడుతున్న ఆ గుండు మనిషినే తీసుకొచ్చాడు, కాకపోతే ఈసారి వాడు మనిషిలా ఉన్నాడు, ఆశ ఉంది, భయం ఉంది, కొండ మీద నిలబడితే కాళ్లు వణుకుతాయి. తప్పు సగం మొగుడిది అని సినిమా పేరే చెప్తోంది. నిజానికి ఆ పేరు ఆయన పెట్టింది కాదు, 'శిఖరం' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకుంటే యూనివర్సల్ వాళ్లు మార్చేశారు, దాని మీద ఆయన సినిమా పత్రికలో బాహాటంగా గొడవ పెట్టుకున్నాడు. గొడవ పెట్టుకున్నా పేరు మారలేదు, సినిమా మాత్రం బాగా ఆడింది. ఒక్క ఫ్రేమ్ రాజీ పడలేదని రాశావు కదా, మొదటి సినిమాకి టైటిలే పోయింది ఆయనకి.

నీకు ఇందులో ఉన్న పాయింట్ అర్థమైంది కదా. నీకు పదే పదే వస్తున్న కౌంటర్ వెనకాల మనిషి వేషం, దాన్ని నీ అంత బాగా ఎరిగినవాడు ఆ ఆడిషన్ గదిలో ఎవడూ లేడు. రాత్రి పన్నెండు తర్వాత ఆ కొట్టుకి ఎవరెవరు వస్తారో, ఆ మనిషి ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్తాడో, ఏం దాస్తాడో నువ్వు రాయి. నీ తర్వాతి కథ అది.

రెండోది, జమీందారీ సంగతి. స్ట్రోహైమ్ అబద్ధం ఆయనకి పనికొచ్చింది, కాదనను. స్టూడియో వాళ్లకి కౌంట్ డైరెక్టర్ అంటే పోస్టర్ మీద వేసుకోవడానికి బాగుంటుంది, ఆయన సెట్ మీద వెండి చెంచా ఎటువైపు ఉండాలో చెప్తే ఎదురు మాట్లాడేవాడు లేడు. ఆయన 1957లో చనిపోయేదాకా ఆ కథే నడిచింది, తర్వాత గానీ వియన్నాలో పుట్టిన లెక్కలు చూసి టోపీల వ్యాపారి కొడుకని బయటపెట్టలేదు. యాభై ఏళ్లు నిలిచిన అబద్ధం! కానీ దాన్ని మోయడం ఎలా ఉంటుందో ఆలోచించు. 1937లో ఫ్రెంచ్ డైరెక్టర్ రెన్వా 'ది గ్రాండ్ ఇల్యూషన్'లో ఆయనకి గొప్ప వంశపు జర్మన్ ఆఫీసర్ వేషం ఇచ్చాక చూస్తే, ఆయనకి జర్మన్ సరిగ్గా రాదు, డైలాగులు బట్టీ పట్టాల్సి వచ్చిందని రెన్వానే రాశాడు. హాలీవుడ్ డైరెక్టర్ బిల్లీ వైల్డర్ కూడా వియన్నా ప్రాంతం నుంచి వచ్చినవాడే, స్ట్రోహైమ్ యాస వినగానే ఇది కోటల్లో పెరిగినవాడి యాస కాదని పసిగట్టేశాడట. తెలిసినవాళ్లకి తెలుస్తూనే ఉంది, మర్యాదకి ఊరుకున్నారంతే. ఆయన మాత్రం అమ్మ గురించి, నాన్న గురించి, ఇంట్లో చేసుకున్న పండగ గురించి ఒక్క నిజం నోరారా చెప్పుకోలేదు. నాకు అన్నిటికన్నా బాధ అనిపించేది అదే.

నీ సంగతికొస్తే, 1909లో చెక్ చేయరన్న మాట నిజం. ఇప్పుడు నీ మొదటి ఇంటర్వ్యూ యూట్యూబ్‌లో పడిన గంటకి మీ ఊరివాడే ఒకడు కింద కామెంట్ పెడతాడు, 'జమీందారీ ఏంట్రా, వాళ్ల నాన్న మాకు లెక్కల మాస్టారు' అని. దాని కింద ఐదొందల లైకులు. ఆ మాస్టారు పరువు కూడా పోతుంది, ఆయనేం పాపం చేశాడు? మాస్టారి కొడుకునని రాసుకో, అదే బాగుంటుంది, మీ నాన్నగారి ఉద్యోగం ఏంటో నాకు తెలియదనుకో, ఏదైతే అది రాయి.

ఇక అసలు టెన్షన్ మూడోదాని గురించే కదా నీకు. ఇది కాస్త పొడుగు.

'బ్లైండ్ హజ్బెండ్స్' ఆడాక స్ట్రోహైమ్‌కి పగ్గాలు తీసేశారు. 'ఫూలిష్ వైవ్స్' కోసం మాంటె కార్లోలో ముఖ్యమైన కూడలిని, కసీనో, హోటల్, కాఫీ హోటల్, అన్నిటినీ స్టూడియో లాట్‌లో నిలువెత్తున కట్టించాడు. షూటింగ్ దాదాపు ఏడాది నడిచింది. ఖర్చు పది లక్షల డాలర్లు దాటింది. యూనివర్సల్ వాళ్లు ఏడవాలో నవ్వాలో తెలియక దాన్నే పబ్లిసిటీ చేసుకున్నారు, న్యూయార్క్ బ్రాడ్‌వేలో పెద్ద బోర్డు పెట్టి ఎప్పటికప్పుడు ఎంత ఖర్చయిందో రాస్తూ వచ్చారు, ఆయన పేరులో మొదటి అక్షరం బదులు డాలర్ గుర్తు వేశారు. అప్పుడు స్టూడియో వ్యవహారాలు చూస్తున్నది ఇర్వింగ్ థాల్బర్గ్, ఇరవై దాటీ దాటని కుర్రాడు. ఆపేయమంటే స్ట్రోహైమ్ లెక్క చేయలేదు. ఎందుకు లెక్క చేయాలి, సినిమాలో మెయిన్ వేషం తనదే, తనని తీసేస్తే అప్పటిదాకా తీసిందంతా చెత్తబుట్టలోకే. నటుడు కూడా కావడం ఆయనకి కవచం. 1922 జనవరిలో న్యూయార్క్‌లో 14 రీళ్లతో విడుదలైంది, తర్వాత ఇంకా కోసి దేశమంతా వదిలారు.

థాల్బర్గ్ ఆ పాఠం బాగా నేర్చుకున్నాడు. తర్వాతి సినిమా 'మెర్రీ గో రౌండ్'లో స్ట్రోహైమ్ నటించకూడదని పట్టుబట్టాడు, డైరెక్షన్ ఒక్కటే చేయాలి. ఆయన మళ్లీ పాత పద్ధతిలోనే సాగదీస్తుంటే 1922 అక్టోబర్‌లో మధ్యలోనే తీసేసి రూపర్ట్ జూలియన్‌ని పెట్టాడు. అంతవరకు హాలీవుడ్‌లో అంత పెద్ద డైరెక్టర్‌ని షూటింగ్ మధ్యలో అలా పంపించేస్తారని ఎవరూ అనుకోలేదు. అప్పటి నుంచి అధికారం డైరెక్టర్ చేతిలోంచి ప్రొడ్యూసర్ చేతిలోకి మారడం మొదలైందని సినిమా చరిత్ర రాసేవాళ్లు అంటారు.

'గ్రీడ్' సినిమా సంగతి నీకు తెలిసే ఉంటుంది, అయినా నువ్వు మర్చిపోతున్న ముక్క ఒకటి ఉంది కాబట్టి చెప్తా. 1923లో గోల్డ్విన్ కంపెనీకి తీశాడు. సెట్‌లు వద్దన్నాడు, శాన్ ఫ్రాన్సిస్కోలో నిజం ఇల్లు అద్దెకి తీసుకుని అందులోనే తీశాడు. అందులో పెళ్లి సీన్ ఒకటి చాలు ఆయనేంటో చెప్పడానికి. మేడ మీద గదిలో పెళ్లి జరుగుతుంటుంది, పాస్టర్ చదువుతున్నాడు, పెళ్లికూతురు, పెళ్లికొడుకు నిలబడి ఉన్నారు, వాళ్ల వెనకాల కిటికీ. ఆ కిటికీలోంచి కింద వీధిలో శవయాత్ర పోతుంటుంది. కట్ లేదు, కార్డు లేదు, చూడమని ఎవరూ చెప్పరు. లోపల పెళ్లి, బయట పాడె, రెండూ ఒకే షాట్‌లో స్పష్టంగా కనిపిస్తాయి. ఇది స్టూడియో సెట్‌లో వెనకాల పరదా గీయించి తీస్తే రాదు. అందుకే ఆయన నిజం కిటికీ కావాలన్నాడు, ఆ మొండితనానికి నేను దణ్ణం పెడతా. చివరి ఘట్టం కోసం వేసవిలో డెత్ వ్యాలీకి తీసుకెళ్లాడు, 120 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన ఎండలో. వెళ్లినవాళ్లలో 14 మంది జబ్బు పడి వెనక్కి వచ్చేశారు, నటుడు జీన్ హెర్షోల్ట్ ఆస్పత్రి పాలయ్యాడు. దీనికి మాత్రం దణ్ణం పెట్టను.

ఎడిటింగ్ అయ్యాక మొదటి వెర్షన్ 42 రీళ్లు, తొమ్మిది గంటల పైమాటే, 1924 జనవరిలో ఓ పదిమందికి చూపించాడు. తర్వాత తనే కూర్చుని 24 రీళ్లకి తెచ్చాడు. చూశావా? దాదాపు సగం తన చేత్తోనే తీసేశాడు. ఇంక నా వల్ల కాదు అనుకున్నాక రహస్యంగా స్నేహితుడు రెక్స్ ఇంగ్రామ్‌కి పంపాడు, ఈయనా డైరెక్టరే, ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాడు. ఇంగ్రామ్, తన ఎడిటర్‌తో కలిసి 18కి తెచ్చాడు. ఈలోపు 1924 ఏప్రిల్‌లో గోల్డ్విన్ కంపెనీ మెట్రోలో, మేయర్ కంపెనీలో కలిసిపోయి ఎంజీఎం అయింది. కొత్త స్టూడియోలో సినిమాల నిర్మాణం చూసే బాస్ ఎవరనుకున్నావ్? థాల్బర్గ్! యూనివర్సల్‌లో ఈయన్ని తీసేసిన కుర్రాడే ఇక్కడ మళ్లీ నెత్తిన కూర్చున్నాడు. కథ గానీ స్క్రిప్ట్ గానీ చదవని మనిషి చేతిలో పడి చివరికి 10 రీళ్లు మిగిలిందని స్ట్రోహైమ్ జీవితాంతం అనేవాడు, సుమారు రెండుంబావు గంటలు. చెత్త ఏరి బతికే జర్కో, పనిమనిషి మారియాల కథ మొత్తం పోయింది, పక్కపక్క గదుల్లో ఉండే ముసలి జంట కథ మొత్తం పోయింది. తీసేసిన ఫిల్మ్‌లో వెండి ఉంటుందని కరిగించేశారని చెప్తారు. 1924 డిసెంబర్‌లో విడుదలైతే పెట్టిన డబ్బులో సగం కూడా రాలేదు.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తా, నీకు నచ్చకపోవచ్చు. స్టూడియో చేసింది ఘోరమే. కానీ తొమ్మిది గంటల సినిమాని ఏ థియేటర్‌లో ఆడిస్తారని ఆయన అనుకున్నాడు? షూటింగ్‌కి ముందు ఆ ప్రశ్న వేసుకోలేదు, డబ్బు పెట్టేవాళ్లతో కాగితం మీద తేల్చుకోలేదు, అంతా అయ్యాక నా మాట నెగ్గుతుంది అనుకున్నాడు, కంపెనీ చేతులు మారేసరికి మాట వినేవాడే లేకుండా పోయాడు. ఇంకో సంగతి, ఆ 10 రీళ్ల సినిమా చెడ్డదా? పెళ్లి సీన్ ఉంది, డెత్ వ్యాలీ ఉంది, ఈ రోజుకీ చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. 1999లో పాత స్టిల్ ఫోటోలు పెట్టి నాలుగు గంటల వెర్షన్ తయారుచేశారు, చదువుకోవడానికి అది బాగుంటుంది, చూడ్డానికి నాకు పొట్టిదే ఇష్టం.

పైగా ఆయనకి అవకాశాలు అయిపోలేదు. మరుసటి ఏడే అదే ఎంజీఎంలో 'ది మెర్రీ విడో' తీసి పెద్ద హిట్ కొట్టాడు. అంటే తగువు పడుతూనే అనుకున్న పొడవులో తీయడం ఆయనకి వచ్చు. ఆ తర్వాత మళ్లీ మొదలు. 'ది వెడ్డింగ్ మార్చ్' రెండు సినిమాలంత అయింది, డబ్బు పెట్టినాయన షూటింగ్ ఆపించాడు, 1928లో మొదటి భాగం వచ్చింది, రెండో భాగం చివరి ప్రింటు 1959లో పారిస్‌లో మంటల్లో పోయింది. 'క్వీన్ కెల్లీ' 1929 జనవరిలో హీరోయిన్ గ్లోరియా స్వాన్సన్ ఫోన్ చేసి ఆపించింది. 1933లో ఫాక్స్ వాళ్లు ఆయన తీసినదాన్ని వేరేవాళ్లతో మళ్లీ తీయించి పేరు కూడా వేయకుండా వదిలారు. నలభై ఏడేళ్ల వయసులో డైరెక్షన్ అయిపోయింది. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్లు బతికాడు, కడుపు నింపింది నటనే, మొదట్లో గతిలేక వేసిన వేషాల్లాంటివే. 1950లో వైల్డర్ 'సన్‌సెట్ బుల్వార్డ్' తీస్తే అందులో ఒకప్పుడు పెద్ద డైరెక్టర్ అయి ఇప్పుడు పాత హీరోయిన్ ఇంట్లో నౌకరుగా ఉన్నవాడి వేషం వేశాడు, ఆ హీరోయిన్ వేషం స్వాన్సన్‌దే, సినిమాలో వాళ్లు చూసే పాత మూకీ 'క్వీన్ కెల్లీ' ముక్కే. ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అందుకే నటన మానేసి డైరెక్షన్ ఒక్కటే చేస్తా అనే ఆలోచన ఉంటే మానుకో.

ఇప్పుడు నీ 170 నిమిషాలు. మన థియేటర్లలో అది మామూలే, తెలుగువాళ్లకి ఇంటర్వెల్ ఉంటే మూడు గంటలు లెక్కలోకే రావు. కానీ నీ ప్రొడ్యూసర్ అక్కడి ఫెస్టివల్స్‌కి, ఓటీటీకి అమ్మాలనుకుంటున్నట్టున్నాడు, పేరులేని డైరెక్టర్ మొదటి సినిమా మూడు గంటలంటే ఎంపిక చేసేవాళ్లు లింక్ కూడా తెరవరు. ఆయన అడుగుతున్న గంటా నలభై నాకూ మరీ ఎక్కువ కోత అనిపిస్తోంది. కాబట్టి కత్తెర ఆయన చేతికి వెళ్లకముందే నువ్వు పట్టుకో. ముందు నువ్వే రెండు గంటల పదికి తీసుకురా, సీన్లలో చివర్లు, నడకలు, కార్ ఎక్కడాలు దిగడాలు చూసుకుంటే సగం కోత అక్కడే దొరుకుతుంది. ఆ తర్వాత నీ షూటింగ్‌కి ఒక్కరోజు కూడా రాని ఎడిటర్‌కి ఇవ్వు, నీకు ఆ వర్షంలో షాట్ ఎంత కష్టపడి తీశావో అతనికి తెలియకూడదు. ఇంగ్రామ్‌కి పంపడం మంచి ఆలోచనే, స్ట్రోహైమ్ ఆలస్యంగా పంపాడంతే. అతను తీసేయమన్న పక్క కథ ఏదో ఒకటి ఉంటుంది, నీకు ప్రాణం అయినదే అయి ఉంటుంది, దాన్ని తీసేసి ఒకసారి తెలుగు రాని పదిమందికి చూపించు. వాళ్లకి ఏదీ పోయినట్టు అనిపించకపోతే వదిలేయి. గంటా యాభై ఐదు దగ్గర ప్రొడ్యూసర్‌తో కూర్చుంటే బేరం కుదురుతుంది, రెండు యాభై దగ్గర కూర్చుంటే కుదరదు.

నీకున్న అదృష్టం ఏంటంటే ఎవరూ ఏదీ కరిగించరు. తీసినదంతా రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు ఇళ్లలో పెట్టు. ప్రొడ్యూసర్‌తో కాగితం రాయించుకో, లాయర్‌ని ఎలాగూ కలుస్తున్నావు కాబట్టి అతనే కాంట్రాక్టులు చూసే లాయర్ పేరు చెప్తాడు. విడుదలయ్యే వెర్షన్ ఆయన ఇష్టం అయినా ఫర్వాలేదు, కానీ నీ పొడుగు వెర్షన్‌ని ఇన్నేళ్ల తర్వాత నువ్వు వేరేగా చూపించుకోవచ్చని, నువ్వు ఒప్పుకోని వెర్షన్ మీద నీ పేరు తీయించుకునే హక్కు ఉంటుందని అందులో ఉండాలి. ఒరిజినల్ ఫుటేజ్ కాపీ ఆ సంతకాలయ్యాకే ఇవ్వు.